మెయిన్ గుంజిన నాడు

హలో… ఆ, నేనే బిడ్డా. బాపునే.

…గట్టిగ మాట్లాడు. ఇక్కడంత బస్సుల మోత. ఆగాగు, కుడి చెవికి మార్చుకుంట. ఎడమది బట్ట నేసే సాంచాల చప్పుడుకే పాయె గదా… ఆఁ, ఇప్పుడు చెప్పు.

…

కారా? అచ్చిందట. పొద్దుగాల మన వాకిట్ల నిలవడి హారన్ కొట్టిండట మీ డ్రైవరు. పక్కింటోళ్లు ఫోన్ జేసి చెప్పిండ్రు. తాళం ఏసి ఉంటె ఆయన మాత్రం ఏం జేస్తడు? మళ్లిపోయిండు పాపం.

…మర్సిపోలే. ఎట్ల మర్సిపోత? పొద్దుగూకంగ పట్నంల మీ సిన్మ ఫంక్షన్. నెల రోజులు ఆడినందుకు. అసలైన సాంచాల కార్మికుడు ఈయనే అని నన్ను స్టేజీ ఎక్కిచ్చి, మీ ప్రొడ్యూసర్ సారు శాలువ కప్పుతడు. నువ్వు పక్కన నిలవడ్తవు. అన్ని యాదికున్నయి బిడ్డా.

…

కోరుట్లల ఉన్న. బస్టాండ్ ఎదురుంగ, భీవండి బస్సులు ఆగే కాడ.

…ఆఁ. సంచి ఉన్నది. రెండున్నయి.

…

అఖిలా.

…అరే, ఊకో. ముందుగాల ఊకో. నువ్వు ఏడిస్తె నాకు ఒక్క ముక్క ఇనవడది.

…మీ అమ్మనా? ఇక్కడనే, నా పక్కన బెంచీ మీద కూసున్నది. సంచి విప్పుడు, మల్ల కట్టుడు. మూడు సార్లాయె. సర్వపిండి మూట పైన వెట్టాల్నా, కింద వెట్టాల్నా అని ఎటూ తెగుత లేదు ఆమెకు.

…ఏందీ? నిన్న మీ అమ్మ చెప్పిందా నీకు?

ఊర్మిలా! బిడ్డకు చెప్పద్దంటి గదనే! …చూడు, ఏం ఎరుగనట్టు అటు బస్సుల దిక్కు చూస్తున్నది.

…సరే. ఏం చెప్పింది? …సిన్మ జూసచ్చి, సిన్మల మాట బాపు కార్ఖాన ఆసామి జైపాల్ మొఖం మీద అన్నడు. జైపాల్ పనికి రావద్దన్నడు. …అంతేనా? ఇంకేం చెప్పలేదా?

…అది సగమే బిడ్డా.

…నిజమే, నెల రోజులాయె. నువ్వు ఎప్పుడు ఫోన్ జేసినా "కార్ఖానల ఉన్న, మల్ల మాట్లాడ్త" అన్న. అబద్ధమే. కార్ఖానల ఉంటె నీ మాట ఇనవడదు గదా, గంత సప్పుడు ల్యాకుంట ఎట్ల ఉన్నదని నీకన్న అనుమానం రాకపాయె.

…నువ్వు సంబురంల ఉంటివి. తెర మీద నీ పేరు పడ్డది, 'మాటలు: అఖిల' అని. గసుంటి నాడు నా పని పోయిందని ఎట్ల చెప్త? నోరు రాలే.

…తిట్టకు. వద్దు, జైపాల్‌ను తిట్టకు. చిన్నప్పటి సంది కాకా అని పిల్సినవు ఆయనను. …తిట్టుడు నాకు రాదా? తిట్టిన. పదిహేను రోజులు తిట్టిన. ఇప్పుడు తిట్టబుద్ధి అయిత లేదు.

…నాలుగింటికి బస్సు. ఇంక అరగంట ఉన్నది. ఇంటవా మరి? అడ్డం రాకుంట ఇను. సగం కథ నీ కాడ ఉంటె మంచిది గాదు. నువ్వు రాసేదానివి.

…ఆఁ.

మీ సిన్మకు మమ్ముల తోల్కపోయింది ఎవలనుకున్నవ్? జైపాలే. …నిజం. మమ్ముల పనికి వెట్టుకున్న ఆసామే. తొమ్మిది మందిమి పనోళ్లం, అందరికి ఆయనే టికెట్లు తెచ్చిండు. "మన గంగారాం బిడ్డ రాసిన సిన్మ, మనం సూడకుంటె ఎవలు జూస్తరు" అని మొదటి రోజు ఫస్ట్ షోకు కార్ఖాననే బందు వెట్టిండు. …బందంటే ఒక్కొక్క సాంచ ఆపుకుంట ఆపుకుంట, ఎప్పటి తీర్గనే. కరంటు మెయిన్ స్విచ్చి గుంజలే. …ఆఁ. నీకెరికే గదా. ఆ ముచ్చటకే అస్తున్న.

పోశవ్వ కొత్త చీర గట్టింది. …అదే, నూలు కండెలు చుట్టే పోశవ్వ. ఆమె టాకీసుకు పోక ఇరవై ఏండ్లాయెనట. తెర మీద సాంచ కనవడంగనే లేసి నిలవడి, "పోగు తెగింది, పోగు తెగింది, ఎవలన్న అతకుండ్రి" అని మొత్తుకున్నది. టాకీసంత ఒకటే నవ్వుడు.

…నవ్వినవు గదా. అట్లుండాలె.

మీ హీరోకు నేను మూడు రోజులు నేర్పిన. కండె ఎట్ల మార్చాలె, తెగిన పోగు ఎట్ల ముడెయ్యాలె అని. అయినా తప్పే జేసిండు. ముడి ఏసి పండ్లతోని కొరికిండు. ఎవడన్న కొరుకుతడా? …డైరెక్టరే కొరుకుమన్నడా? తెర మీద బాగుంటదనా. …సరే తియ్. బాగనే ఉన్నది.

ఇగ ఆ ఘట్టం అచ్చింది. హీరో ఉరికి పోయి మెయిన్ గుంజుతడు. నలభై సాంచాలు ఒక్కసారి ఆగుతయి. పాట లేదు, చప్పుడు లేదు. తెల్లబట్టల ఓనరు మ్యాడ మీదికెళ్లి దిగుతడు. అప్పుడు హీరో అంటడు, "నువ్వు గజాలేసి కొలిచింది బట్ట గాదు సేటూ, మా ఆయుష్షు" అని.

…నువ్వు రాసిందే, ఎరికే.

…నాదా? నేనన్ననా? ఎప్పుడు? …నువ్వు ఏడో తరగతి ఉన్నప్పుడా. బువ్వ తినుకుంటనా.

…నాకు యాది లేదు బిడ్డా. ఇంట్ల కూసొని ఎన్నో అంట. నాలుగు గోడల నడుమ. బయట ఎన్నడు అన్నది లేదు. …నువ్వు నోట్‌బుక్కుల రాసుకున్నవా? గిన్నేండ్లు దాసుకున్నవా?

…

ఆఁ. ఉన్న. ఏం లేదు. జర చాయ్ తాగనియ్.

…ఆఁ, చెప్త.

గా మాటకు టాకీసుల ఈలలు చూడు… అందరికన్న గట్టి ఈల మా వరుసలకెళ్లే. ఎవలనుకున్నవ్? జైపాల్. రెండు వేళ్లు నోట్ల వెట్టి కొట్టిండు. కుర్చీల కెళ్లి లేసి, "కొట్టుర్రా వాణ్ని" అని ఒర్రిండు, ఓనర్ను! ఎడమ చేత్తోని కండ్లు తుడుసుకున్నడు. బయటికి అచ్చినంక నా భుజం మీద చెయ్యేసి, "గంగారాం, నీ బిడ్డ మన బతుకంత రాసిందిరా" అన్నడు. మన బతుకు అన్నడు.

…నవ్వకు. ఆయన నాటకం ఆడలే. పన్నెండు సాంచాల ఆసామి. నూలు ఇచ్చేది సేటు, బట్ట కొంట పోయేది సేటు, రేటు చెప్పేది సేటు. జైపాల్ లుంగీ మీదనే తిరుగుతడు, చేతులకు మాకన్న ఎక్కువ గ్రీజు ఉంటది. మీ తెల్లబట్టల ఓనరు తనే అని ఆయనకు ఎట్ల తెలుస్తది? హీరోనే తను అనుకున్నడు. టాకీసుల ఎవడైనా అంతే గదా. ఓనరు పక్కకు ఎవడు కూసుంటడు?

ఇంటికచ్చి మీ అమ్మతోని అన్న, జైపాల్ మారిండే అని. …మీ అమ్మ ఏమన్నదా? ఏమన్నవే ఊర్మిలా? …"ఈల కొడితె మారినట్టేనా" అన్నది. ఇనలే నేను.

తెల్లారి పనికి పోయిన. రేకుల కింద ఎండ ఎట్లుంటదో నీకెరికే. పదకొండు గూడ కాలే, పోశవ్వ కండెల మీద ఒరిగింది. ఆ వారంల రెండోసారి. మొఖం మీద నీళ్లు కొట్టినం. లేసి కూసున్నది, కొంగుతోని తుడుసుకున్నది, మల్ల చుట్టుడు మొదలు వెట్టింది. ఒక్క మాట అనలే. నాకు ఏమైందో బిడ్డా… కాళ్లు వాటికవే నడిసినయి. గోడ కాడికి పోయి మెయిన్ గుంజిన.

…

ఆఁ. గుంజిన.

…అట్ల గుంజుడంటె ఏందో నీకు తెల్సు గదా.

జైపాల్ నాయిన సాంచాలు వెట్టిన నాటి సంది ఆ కార్ఖానల ఒక్కటే కట్టుబాటు. బందు వెట్టాలంటె ఒక్కోటి ఆపాలె. మెయిన్ గుంజేది సావుకే. ఆ ఇంట్ల ఎవలన్న పోతె, పీనుగ లేసేదాక సాంచ ఆడద్దని, పనోళ్లల్ల పాతోడు పోయి గుంజుతడు. జైపాల్ నాయిన పోయిన్నాడు నేనే గుంజిన. నాకన్న ముందటోళ్లంత అప్పటికే భీవండి పోయిరి. నువ్వు నా భుజం మీద ఉంటివి, నాలుగేండ్ల దానివి. "బాపూ, చప్పుడు ఏడికి పోయింది" అని అడిగినవు. యాదికున్నదా?

…ఉన్నదా.

మరి సిన్మల అట్ల ఎట్ల రాసినవు బిడ్డా?

…

…డైరెక్టర్ వెట్టిచ్చిండా. ఒక్కోటి ఆపితె టైం పడ్తదన్నడా. ఒక్క దెబ్బకు ఆగితె టాకీసు అదురుతదన్నడా. …నువ్వు చెప్పలేదా ఆయనకు, మా దిక్కు అట్ల గుంజితె సావే అని? …చెప్పినవా. ఏమన్నడు? …"అయితె ఇంకా మంచిది" అన్నడా.

…లే, లే. నిన్ను అంటలేను. ఏడవకు. ఇను. టాకీసుల తొమ్మిది మందిమి ఉంటిమి. మాకందరికి తెల్సిన కట్టుబాటే. ఒక్కనికన్న సోయి రాలే. జైపాల్‌కే రాలే, ఆయన కార్ఖానదే కట్టుబాటు. అందరం చప్పట్లు కొడితిమి. నీది ఒక్కదానిదే తప్పు ఎట్లైతది?

ఇగ సాంచాలు ఆగినయి. పన్నెండు ఒక్కసారి. చెవులల్ల గుయ్యిమని ఒకటే మోత. పక్క సాంచ కాడి రమేశ్ నన్నే చూస్తున్నడు. అందరు నన్నే చూస్తున్నరు. జైపాల్ బయటికెళ్లి ఉరికచ్చిండు. నేను నోరు తెరిసిన…

ఆ మాట రాలే బిడ్డా. నా నోటి మాటనే అంటున్నవు, అది నోటికే రాలే.

…ఏమన్ననా? "జైపాల్, పోశవ్వ కాడ ఒక ఫ్యాన్ వెట్టియ్యరాదు" అన్న.

…అంతే. ఫ్యాను.

…నవ్వుతున్నవా? …ఏడుస్తున్నవా. సరే.

ఆయన ఏం కోపానికి రాలే. "ఫ్యాన్ గాలికి పోగులు తెగుతయి గంగారాం, నీకు తెల్వదా" అన్నడు. నేను ఇంకేదో అనబోయిన. అంతల్నే ఇంట్లకెళ్లి కేక ఇనవడ్డది.

…రాములవ్వ.

జైపాల్ తల్లే. కార్ఖాన ఎనుక గోడకే గదా ఆమె అర్ర. సాంచాల చప్పుడు లేకుంటె నిద్ర వట్టని ముసల్ది. ఒక్కసారి అన్ని ఆగేసరికి ఏమనుకుంటది? ఇంట్ల ఉన్నది ఇద్దరే, ఆమె, కొడుకు. ఆమె పానం ఆమెకున్నది. అంటే పోయింది కొడుకే. "జైపాలూ, నా కొడుకా" అని మొత్తుకుంట ఉరికచ్చింది. గోడ పట్టుకోకుంటె నడవరాని మనిషి ఉరికచ్చింది. కడప తట్టుకొని పడ్డది.

…

తుంటి ఇరిగింది. నేనే ఎత్తుకున్న. ఆటోల నా ఒళ్లనే వండుకున్నది. తొవ్వ పొడుగు నా మొఖం చూస్కుంట, "జైపాల్ ఉన్నడారా, ఉన్నడారా" అని ఒకటే అడుగుడు. ఆయన ముందట డ్రైవర్ పక్కపొంటి కూసొని, "ఉన్ననే అవ్వా, గిక్కడనే ఉన్న" అంటనే ఉన్నడు. ఆమె మతిల వడలే.

…పదకొండో రోజు.

…ఆఁ. పోయింది.

…మీ అమ్మ చెప్పలే. అది చెప్పే ముచ్చటనా బిడ్డా? నీకు గిన్నెల గట్క వోసి మజ్జిగ కలిపి తినవెట్టిన మనిషి. నిన్ను అఖిల అని ఎన్నడు పిల్సింది? పట్వారీ అనేది. ఎప్పుడు జూసినా రాసుకుంటనే కూసుంటవని.

…ఏడువు. దీనికి ఏడువు. నేను ఊకోమన.

…

…ఉన్న, ఉన్న. ఏడికి పోత? ఇంక టైమున్నది.

…నన్ను రావద్దన్నదా? ఆమె పడ్డనాడే. దవాఖాన మెట్ల మీద. "రేపటి సంది రాకు గంగారాం" అన్నడు. తిట్టలే. నా మొఖం దిక్కు చూడలే. …ఏమంట? ముప్పై ఒక్క ఏండ్లు చేసిన. మంచిది అన్న.

ఆమె పోయిన్నాడు మెయిన్ గుంజాలె గదా. పాతోన్ని నేనే. రోడ్డుకు ఇటు దిక్కు కరంటు పోలు కాడ నిలవడ్డ. పిలుస్తడేమో అని. రెండుసార్లు బయటికచ్చిండు, నన్ను చూసిండు. పిలవలే. రమేశ్ గుంజిండు. నేను రోడ్డు మీద నిలవడి ఆ చప్పుడు ఆగుడు ఇన్న. మల్ల ఇంటికి పోయిన.

…పోయిన. నలుగురు ఆసాముల కాడికి పోయిన. "నువ్వు మెయిన్ గుంజినోనివి గదా" అన్నరు. ఒకాయన అయితె నీళ్లిచ్చి, కూసోవెట్టి, మంచిగ మాట్లాడి, తోలిచ్చిండు. వాళ్ల ఇండ్లల్ల గూడ ముసలోళ్లు ఉంటరు గదా.

మీ సిన్మల మెయిన్ గుంజంగనే ఇంటర్వెల్ వడ్డది. లైట్లు అచ్చినయి. అందరు సమోసాలకు పోయిండ్రు. మల్ల అచ్చి కూసునేసరికి హీరో లీడర్ అయ్యుండె. నడుమ ఏమైందో మీరు చూపియ్యలే. నేను గా నడుమల్నే ఇరుక్కున్న బిడ్డా.

…

భీవండిల మనోడు ఒకడు ఉన్నడు, రూములకు రమ్మన్నడు. …యాభై ఆరు. యాభై ఆరేండ్లోళ్లు మస్తుమంది నడిపిస్తరు అక్కడ సాంచాలు. …సిరిసిల్లల ఎక్కితె పది మంది చూస్తరు. గందుకే మీ మామోళ్ల ఊరికచ్చి ఎక్కుతున్న.

…ఉద్యోగమా? ఎవలు, మీ ప్రొడ్యూసర్ సారా? ఏం ఉద్యోగం? …ఆఫీసు కాడ వాచ్‌మెన్. …ఫ్యాన్ ఉంటదా మరి? …పరాచికానికన్న తియ్. వద్దు బిడ్డా. నాకు సాంచ దప్ప ఇంకోటి రాదు. గేటు కాడ నిలవడి కార్లకు సలాం కొట్టుడు నాతోని గాదు.

…ఇను. నాకు నువ్వు ఒక్కటి చెయ్యాలె. గీ ఒక్కటే. సాయంత్రం నీకు మైకు ఇస్తరు. అండ్ల నా ముచ్చట చెప్పద్దు. జైపాల్ పేరు అసలే ఎత్తద్దు.

…ఎందుకేంది? తల్లి పోయి ఇరవై రోజులు గాలే ఆ మనిషికి. కార్ఖానల రమేశ్ ఉన్నడు, పోశవ్వ ఉన్నది, ఎనిమిది మంది ఉన్నరు. పట్నపోళ్లు నలుగురు అచ్చి లొల్లి వెడితె, సేటు నూలు ఆపుతడు. లొల్లి ఉన్న కాడ నాకెందుకని ఇంకో ఆసామికి ఇస్తడు. జైపాల్ సాంచాలను పాత ఇనుముకు వేస్తడు. ఎనిమిది మంది నా ఎన్క గిదే బస్సు ఎక్కుతరు.

ఇంకోటి గూడ ఉన్నది. మొన్న రమేశ్ చెప్పిండు. పోశవ్వ కాడ ఫ్యాన్ వెట్టిండట. …ఆఁ, జైపాలే. రాములవ్వ అర్రలది విప్పి తెచ్చి బిగిచ్చిండట. గాలి పోగుల దిక్కు పోకుంట నడుమ గోనెసంచి అడ్డం గట్టిండట. ఎవలతోని ఏం అనలేదట. పోశవ్వ దాని కింద కూసొని ఒకటే ఏడుసుడట, నాకద్దు తీసెయ్యుండ్రి అని.

…నాకు గూడ తెల్వది. గెల్సిన్నో ఓడిన్నో సమజైత లేదు. కోపం చేద్దమంటె ఆ ఫ్యాన్ కనవడ్తది. పాపం అనుకుందమంటె ఆ దవాఖాన మెట్లు కనవడ్తయి. గీ కథకు ఎవలు ఈల కొట్టరు బిడ్డా, గందుకే స్టేజీ మీద చెప్పద్దంటున్న. సిన్మ గురించి నాలుగు మాటలు చెప్పు, దండం వెట్టి దిగు. సరేనా?

…

అఖిలా? సరేనా?

…మాట్లాడవేంది? ఫోను గిట్ల కట్ అయిందా?

…ఏందీ? మల్ల చెప్పు.

…పొద్దుగాల్నా?

…ఏ చానల్? …యూట్యూబ్‌దా. ఎన్నింటికి వెట్టిండ్రు? …ఎంతమంది చూసిండ్రు ఇప్పటిదాక?

…లక్షలా.

…పేరు చెప్పినవా?

…

ఊరు, గల్లీ గూడనా.

…లేదు, ఉన్న. ఫోన్ల ఉన్న.

…ఏమని చెప్పినవు? చెప్పు, నేనేం అన. …"మా సిన్మకు ఈల కొట్టిన సేటే తెల్లారి మా బాపును ఎల్లగొట్టిండు" అని. …ఫోటోనా? ఏం ఫోటో? …సిన్మనాడు టాకీసు ముంగట దిగింది. నేనే పంపిన గదా నీకు, సంబురంగ. నా భుజం మీద చెయ్యేసి నవ్వుకుంట ఉంటడు జైపాల్. అదే వెట్టిండ్రా. ఆయన మొఖం చుట్టూత ఎర్రగీత గుండ్రంగ గీసిండ్రా.

…ప్రొడ్యూసర్ సారు ఏమన్నడు? …ఫంక్షన్ నాడే రావాలె, జనానికి ఎక్కుతది అన్నడా.

సాంచాలు అమ్ముడుపోయినయి, చెమట అమ్ముడుపోయింది, నువ్వు దాసుకున్న మాట అమ్ముడుపోయింది. ఇంకేం మిగిలిందనుకున్న. నా పని పోవుడు మిగిలుండె.

…కాదు బిడ్డా. నువ్వు అమ్మలే. గట్ల అనుకోకు. మీ అమ్మ సగం చెప్పింది, నీకు కడుపు మండింది, పోయి చెప్పినవు. నేను పోశవ్వను చూసి గోడ కాడికి పోయినట్టే పోయినవు. ఎవలను సంపుదమని పోలే ఇద్దరం.

…ఆగు. ఇంకో ఫోన్ అస్తున్నది. …రమేశ్. ఇందాక సంది టుక్కుటుక్కుమంటున్నది, నేను పట్టించుకోలే.

ఊర్మిలా, నీ ఫోన్లకెళ్లి రమేశ్‌కు కొట్టు. …కొట్టవే, అవతల వెట్టు ఆ సంచి! …లైన్ల ఉండు అఖిలా.

…ఏమంటున్నడు? …గట్టిగ చెప్పే, నాకు ఇనవడ్త లేదు. …కెమెరాలేసుకొని అచ్చిండ్రట? కార్ఖాన కాడికా? …ఎంతమంది? …పోశవ్వ మొఖం మీద మైకు వెట్టిండ్రట. ఆమె ఏమన్నది? …ఏం అనలే, కండెలు ఇడిసిపెట్టి బయటికి పోయిందట.

జైపాల్ ఏడున్నడు? …తల్లి అర్రల. లోపట గొళ్లెం వెట్టుకున్నడా. ఎంతసేపాయె? …గంటనా. పిలిస్తె పలుకుతున్నడా?

…పలుకుత లేడు.

…

ఇన్నవా అఖిలా?

…ఇన్నవు.

…తీసేపిస్తవా ఆ వీడియో? లక్షల మంది చూసినంక తీసేస్తె ఏమైతది… అయినా తీపియ్యి. ఇప్పుడే తీపియ్యి. సారు వద్దంటె ఏమంటవో నువ్వే చూసుకో.

…లే, భీవండి పోను. ఇప్పుడెట్ల పోత? …అన్నా, చందుర్తి మీదికెళ్లి సిరిసిల్లకు పోయే బస్సు ఏడ నిలవడ్తది? …గదేనా? కదులుతున్నదా? …ఊర్మిలా, లేవే, సంచులు వట్టు. రమేశ్‌కు చెప్పు, తలుపు ఇరుగగొట్టమను. ఇనుప రాడ్ ఉన్నది సాంచాల ఎనుక. నేను అచ్చేదాక ఆగద్దని చెప్పు.

…ఆఁ బిడ్డా, పోతున్న. …జైపాల్ తలుపు తీస్తడు. గొంతు గుర్తువడ్తె తీస్తడు. ముప్పై ఒక్క ఏండ్లు ఇన్న గొంతు. …తీయకుంటె కడప మీద కూసుంట.

…నువ్వా? నువ్వస్తవా? మరి ఫంక్షన్? …నీ ఇష్టం. నేను రమ్మన, వద్దన.

…ఏమంటున్నవు? ఉరుకుతున్న, గట్టిగ చెప్పు. …కెమెరాల ముంగట ఏం చెప్పాల్నో రాసి పంపుతవా?

…వద్దు.

వద్దు బిడ్డా. ఈసారి నువ్వు రాయకు. నాకు ఏదస్తె అదే అంట.

…ఆపన్నా, ఆపు, ఇద్దరున్నం! …ఫోన్ పెడ్తున్న.